కుక్క తోక పట్టుకుని ఎంత దూరం ఈదగలం?

తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నీకోసమే తీసినట్టున్నారు. కుక్క ఉంది, దయ్యం ఉంది, గంటంపావులో అయిపోతుంది" అన్నాడు. నా బలహీనతలు మూడూ వాడికి తెలుసు. అలా 'గుడ్ బాయ్' చూశాను. 2025లో వచ్చిన అమెరికన్ సినిమా, నిడివి 73 నిమిషాలు. అయిపోయాక చాలాసేపు కోపంగా కూర్చున్నాను. మామూలుగా చెత్త సినిమా చూస్తే నాకు కోపం రాదు, నిద్రొస్తుంది. ఇది వేరే కోపం. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకపోతే వచ్చే కోపం.

ఆ మాటే వాడికి ఫోన్ చేసి చెప్తే నవ్వాడు. "అయితే నువ్వు ఏడవలేదా? నేను ఏడ్చాను" అన్నాడు. నేనూ ఏడ్చాను. కోపానికి అదొక కారణం.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో కథ (ముగింపు కూడా చెప్పేస్తాను, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగండి). టాడ్ అనే కుర్రాడికి ఊపిరితిత్తుల జబ్బు. తాత పోయాక ఖాళీగా పడున్న పల్లెటూరి ఇంటికి తన కుక్క ఇండీని తీసుకుని వెళ్తాడు. ఆ ఇంట్లో ఏదో ఉంది. టాడ్‌కి కనపడదు, ఇండీకి కనపడుతుంది. కథంతా ఇండీ వైపు నుంచే. మనుషుల మొహాలు దాదాపు చూపించరు, కెమెరా కుక్క కళ్ళ ఎత్తులో తిరుగుతుంది.

తీసిన తీరు గురించి చదివితే మాత్రం తిట్టడానికి నోరు రాదు. దర్శకుడు బెన్ లియోన్‌బర్గ్‌కి ఇదే మొదటి పూర్తి నిడివి సినిమా. (లియోన్‌బర్గర్ అని ఒక కుక్కజాతే ఉంది. ఇంటిపేరుని బట్టి కథ ఎంచుకున్నాడేమో మరి.) ఇండీ ఆయన సొంత కుక్క. భార్య నిర్మాత. మూడేళ్ళలో 400 రోజులకు పైగా షూటింగ్ చేశారట. ఇండీ సినిమాల కోసం తర్ఫీదు పొందిన కుక్క కాదు, తనని సినిమా తీస్తున్నారని దానికి తెలియదు. ఇంత ఓపిక నాకుంటే నేను ఇంకేదైనా అయ్యేదాన్ని. కానీ పడ్డ కష్టాన్ని చూసి మార్కులు వేయడం మొదలుపెడితే సినిమా గురించి మాట్లాడలేం.

డబ్బు లేక ఇలా తీశారు అన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఖాళీ మూల వైపు కదలకుండా చూస్తున్న కుక్క కంటే చవకైన భయం సినిమాల్లో ఇంకోటి లేదు. గ్రాఫిక్స్ అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు. కుక్క, మూల, నిశ్శబ్దం చాలు. ఆ మూడూ వాళ్ళ దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మొదటి పావుగంట నేను కాళ్ళు పైకి ముడుచుకునే చూశాను. మరి తర్వాత ఏమైంది?

అబద్ధం చెప్పని సాక్షి

రెండు రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. దయ్యం కథకి ప్రాణం అనుమానంలో ఉంటుంది. ఉందా, లేదా? చూసినవాడికి మతి చలించిందా, నిద్రలో ఉన్నాడా, అబద్ధం చెప్తున్నాడా? ఒంటరిగా ఇంట్లో ఉన్న మనిషి "నీడ కనపడింది" అంటే మనం సగమే నమ్ముతాం. మిగతా సగంలోనే భయం కాపురముంటుంది.

అదే కుక్క మూలకేసి గుర్రుమంటే? మారుమాట లేకుండా నమ్మేస్తాం. కుక్కకి మతి చలించిందని ఎవరనుకుంటారు? అది కట్టుకథలు చెప్తుందని ఎవరనుకుంటారు? కుక్కలకి దయ్యాలు కనపడతాయన్న మాట చిన్నప్పుడు విననివాళ్ళు అరుదు. కుక్క లాంటి నమ్మకమైన సాక్షి ఇంకొకరు లేరు. సినిమా మొదలైన పది నిమిషాల్లో ఆ సాక్షి కోర్టులోకొచ్చి "ఉంది" అని చెప్పేసింది. ఇక కేసు ఏముంది? మిగతా గంటలో దయ్యం ఎప్పుడు బయటికొస్తుందా అని ఎదురుచూడటం తప్ప మనకి పనిలేదు. ఎదురుచూపు వేరు, భయం వేరు. బస్సు కోసం కూడా ఎదురుచూస్తాం.

దర్శకుడికీ ఇది తెలిసే ఉంటుంది. అందుకే ఇండీకి పీడకలలు పెట్టాడు. భయంకరమైనదేదో జరుగుతుంది, ఉలిక్కిపడతాం, చూస్తే అది కుక్క కన్న కల. ఒకసారైతే సరదాగానే ఉంటుంది. కుక్కలు నిద్రలో కాళ్ళాడించడం, చిన్నగా మొరగడం పెంచినవాళ్ళందరం చూసినదే. కానీ కలని అనుమానం కోసం వాడుకుంటున్నాడని తెలిసిపోయాక మిగిలింది కూడా ఆవిరైపోయింది. నిజమైతే పూర్తిగా నిజం, కలైతే పూర్తిగా కల. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం. కుక్కని అంత నమ్మదగ్గ సాక్షి అంటున్నాను కానీ, మా కుక్క చిట్టి సంగతి? అది ఒకప్పుడు పది రోజుల పాటు రాత్రిళ్ళు ఫ్రిజ్ వెనక గోడకేసి చూస్తూ కూర్చునేది. తోక ఆడదు, చెవులు కదలవు. పిలిస్తే రాదు. మూడో రోజుకే నేను ఆ గదిలో లైటు తీయకుండా పడుకోవడం మొదలుపెట్టాను. చివరికి ఫ్రిజ్ జరిపితే గోడలో వేలు పట్టే కన్నం, అందులో ఎలుక, దాని పిల్లలు. మనకి వినపడే శబ్దం సుమారు 20,000 హెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతే కుక్కకి 45,000 దాకా వినపడుతుంది. ఎలుక పిల్లల అరుపులు ఆ పై అంతస్తులో ఉంటాయి. చిట్టి అబద్ధం చెప్పలేదు. అక్కడ నిజంగానే ఒకటి ఉంది. అది ఏమిటో నేను తప్పు ఊహించుకున్నాను, అంతే.

అంటే అనుమానానికి చోటు లేకపోలేదన్నమాట. "ఉందా లేదా" అన్న దగ్గర వెతికితే దొరకదు. "కుక్కకి తెలిసిందేమిటి" అన్న దగ్గర వెతికితే బోలెడంత దొరుకుతుంది. సినిమా ఆ తలుపే మూసేసింది. ఇండీ చూసేది మనకీ చూపించేసింది.

దయ్యం మనిషిది, ఎత్తు మాత్రం కుక్కది

చూపించిందైనా ఏమిటి? మూలలో ఒక నల్లటి ఆకారం. మనిషంత ఎత్తు, మనిషి నిలబడినట్టే నిలబడుతుంది, బురద పూసుకున్నట్టుంటుంది. ఇది ఏ సినిమాలోనైనా మనిషికి కనపడే దయ్యమే. కెమెరాని రెండడుగుల ఎత్తుకి దించితే చాలు, కుక్క చూపు అయిపోతుందనుకున్నారు.

కుక్క లోకం అలా ఉండదు కదా. కళ్ళ విషయంలో మన కంటే అది పేద. ఎరుపూ ఆకుపచ్చా దానికి విడివిడిగా తెలియవు, దూరంగా ఉన్నది మసకగా ఉంటుంది. దాని లోకమంతా ముక్కులో ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే మనం చుట్టూ చూస్తాం, అది నేల వాసన చూస్తుంది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, భయపడుతూ వచ్చారా అన్నదంతా దానికి అక్కడే తెలుస్తుంది. అలాంటి జీవికి కనపడే దయ్యం ఉత్త నల్లటి నీడా? కుక్కకి దయ్యమంటే వాసన లేని మనిషి అయ్యుండాలి. లేకపోతే ఎప్పుడో పోయిన తాత వాసన ఇవాళ కొత్తగా, తడిగా రావాలి. అది రాసుకుంటుంటేనే నాకు ఒళ్ళు జలదరించింది. సినిమా మొత్తంలో అలా జరిగింది రెండు మూడుసార్లు మించి లేదు.

"వాసనని తెర మీద ఎలా చూపిస్తారక్కా?" అన్నాడు తమ్ముడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాసన చూస్తున్న కుక్కని చూపించొచ్చుగా. పడుకున్న టాడ్ పక్కకొచ్చి ఇండీ అతని ఛాతీ దగ్గర ముక్కు పెట్టి, తీయకుండా, ఒక నిమిషం పాటు అలాగే ఉండిపోతే? మర్నాడు మళ్ళీ అదే చోట. మూడో రోజు దగ్గరికొచ్చి, ముక్కు పెట్టబోయి, వెనక్కి తగ్గితే?

ఇది నా కల్పన కూడా కాదు. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ఒక చిన్న ఉత్తరం ప్రచురించారు. ఒకావిడ కాలి మీది పుట్టుమచ్చని ఆమె కుక్క అదే పనిగా వాసన చూసేదట, ప్యాంటు మీద నుంచి కూడా. ఆమె నిక్కరు వేసుకున్న రోజు దాన్ని కొరికి తీసేయబోయింది. భయపడి డాక్టర్ దగ్గరికెళ్తే అది మెలనోమా, చర్మ క్యాన్సర్. ఆ తర్వాత జబ్బుల వాసన పట్టేలా కుక్కలకి శిక్షణ ఇవ్వడం మీద పరిశోధనలు చాలా జరిగాయి. ఆ ఉత్తరం కొన్ని వాక్యాల సంగతే. అయినా దాన్ని తల్చుకున్నప్పుడు కలిగే భయం నాకు ఈ 73 నిమిషాల్లో కలగలేదు. పక్కన పడుకునే కుక్కకి నా ఒంటి గురించి నాకు తెలియనిది తెలుసు, అది నాకు చెప్పలేదు. దీనికి మించిన దయ్యం కథ ఇంకేం కావాలి?

తమ్ముడు పట్టు వదలలేదు. ఆ నీడ దయ్యం కాదనీ, టాడ్ జబ్బేననీ, ఇండీ చూస్తున్నది దగ్గరపడుతున్న చావునేననీ అన్నాడు. చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు. నేనూ ఆ దారిలో ఆలోచించాను. ఒప్పుకుంటే సినిమా కొంచెం పెద్దదవుతుంది, నిజమే. కానీ అప్పుడు జబ్బుకి కాళ్ళూ చేతులూ ఎందుకు? అది తలుపుల వెనక నుంచి తొంగిచూసి మనని ఉలిక్కిపడేలా చేయడమెందుకు? చావుని చావుగా చూపించే ధైర్యం ఉంటే దానికి దయ్యం వేషం అక్కర్లేదు. దయ్యాన్నే తీయాలనుంటే జబ్బు పేరు చెప్పి తప్పించుకోకూడదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు.

కొమ్ములు మొలిచిన కుక్క

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఇంకో సినిమా ఉంది. 1978 అక్టోబర్ 31న అమెరికాలో టీవీలో వచ్చింది, పేరు 'డెవిల్ డాగ్: ద హౌండ్ ఆఫ్ హెల్'. దర్శకుడు కర్టిస్ హారింగ్టన్. అందులో కుక్క సాక్షి కాదు, కుక్కే సైతాను. కుక్కని పోగొట్టుకుని ఏడుస్తున్న పిల్లలకి ఒక కుక్కపిల్లని అంటగడతారు. అది పెరిగి ఇల్లంతా ఆక్రమిస్తుంది. దాని చూపుకి లొంగిపోయి ఇంటి యజమాని తిరుగుతున్న గడ్డికోత యంత్రంలో చేయి పెట్టబోతాడు. ఆ ఒక్క సన్నివేశం బాగుంది, ఎందుకంటే అందులో కుక్క ఏమీ చేయదు, కూర్చుని చూస్తుంది. చివర్లో మాత్రం దానికి కొమ్ములు తగిలించి, మెడ చుట్టూ జూలు పెట్టి, పెద్దది చేసి తెర మీద అతికించారు. నాకు నవ్వాగలేదు. పాపం ఆ జర్మన్ షెపర్డ్ తనకేం చేశారో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడినట్టుంది.

కుక్క మొహంతో వచ్చిన తంటా అది. 2019లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం కనుబొమ్మ లోపలి కొసని పైకెత్తే కండరం కుక్కలకి బాగా ఉంది, తోడేళ్ళకి దాదాపు లేదు. వేల ఏళ్ళుగా మన మధ్య బతికి, మనకి జాలి పుట్టించేలా తయారైన మొహం అది. దాన్ని భయపెట్టడానికి వాడాలంటే ఏటికి ఎదురీదాలి. 1983లో 'కూజో' తీసినప్పుడు పిచ్చెక్కిన సెయింట్ బెర్నార్డ్‌గా నటించాల్సిన కుక్కలు ఆట అనుకుని తోకలు ఊపుతూనే ఉంటే, కనపడకుండా తోకలు కట్టేశారని చెప్పుకుంటారు. కుక్కతో హారర్ తీసే ప్రతివాళ్ళూ ఆ తోకని ఏదో ఒక రకంగా కట్టేయాల్సిందే. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదొద్దని మనవాళ్ళు చెప్పింది ఇంకో సందర్భంలోననుకోండి.

అయినా ఒకాయన ఈదాడు. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ద థింగ్' మొదట్లో ఒక కుక్క ఖాళీ వరండాలో నడుచుకుంటూ వస్తుంది. మొరగదు, వాసన చూడదు, తోక ఆడించదు. ఒక గది ముందు ఆగి లోపలికి చూస్తుంది. లోపల గోడ మీద ఒక మనిషి నీడ. అంతే. తోడేలు రక్తం కలిసిన జెడ్ అనే కుక్క అది. అందులో మనకి భయమేసేది దాని కోరల వల్ల కాదు. కుక్క చేసే పనులేవీ అది చేయకపోవడం వల్ల. దాని బుర్రలో ఏముందో మనకి తెలియదు, తెలియనివ్వరు.

'గుడ్ బాయ్'లో ఇండీ బుర్రలో ఏముందో ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. ఎడిటింగ్ చెప్తుంది, సంగీతం చెప్తుంది. నిజానికి అది చూస్తున్నది కెమెరా పక్కన నిలబడి పిలుస్తున్న తన మనుషుల్ని. ఇందులో మోసం లేదు, సినిమా పుట్టినప్పటి నుంచీ ఉన్న విద్యే. ఏ భావమూ లేని నటుడి మొహం పక్కన సూప్ గిన్నె పెడితే ఆకలనీ, శవపేటిక పెడితే దుఃఖమనీ జనం అనుకుంటారని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఎప్పుడో వందేళ్ళ కింద చూపించాడు. కుక్కల విషయంలో మనం ఇంకా సులువుగా పడిపోతాం. తప్పు చేసిన కుక్క తలదించుకునే ఆ 'దొంగచూపు' ఉందే, దాని మీద కుక్కల బుర్రల్ని పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఒక ప్రయోగం ప్రచురించింది. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకి సంబంధం లేదు, యజమాని తిడితే వస్తుంది. ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే తలదించుకుంది. అంటే కుక్క మొహం మీద మనం రాసుకున్నదే మనం చదువుకుంటాం. ఇంత ఖాళీ పలక చేతికిస్తే సినిమావాళ్ళు దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'భయం' అని రాసి మనకి పట్టుకొచ్చి చూపించారు.

ఆ ఏడుపు

ఇక నా ఏడుపు సంగతి. సినిమాల్లో కుక్క చచ్చిపోతుందా లేదా అని ముందే చెప్పడానికి 'డజ్ ద డాగ్ డై' అని ఒక వెబ్‌సైటే నడుస్తోంది. నేను కూడా చూసి మరీ కూర్చున్నాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. ఇండీ బతుకుతుంది. టాడ్ చనిపోతాడు, అతని తోబుట్టువు వచ్చి ఇండీని తీసుకెళ్తుంది. ముందే తెలిసి కూడా గంటసేపు దాని కోసమే బిక్కుబిక్కుమన్నాను. ఆ భయం సినిమా పుట్టించింది కాదు, మా ఇంట్లోంచి నేను పట్టుకెళ్ళింది. ఏ కుక్కని ఏ చీకటి ఇంట్లో వదిలినా నేను అలాగే భయపడతాను. చివర్లో టాడ్ ఇండీతో నువ్వు మంచిదానివే కానీ నన్ను కాపాడలేవన్నట్టు మాట్లాడినప్పుడు బొటబొటా కారిపోయాయి. అప్పు తీసుకున్న డబ్బుతో విందు పెట్టి నన్నే మెచ్చుకోమన్నట్టుంది.

అయితే ఆ మాట నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. అమ్మమ్మ ఆఖరి ఆర్నెల్లూ మా ఇంట్లోనే ఉంది. ఆవిడదీ ఊపిరితిత్తుల జబ్బే. అప్పటిదాకా ఆవిడ మంచం కిందే పడుకునే చిట్టి, ఉన్నట్టుండి ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. "దానికి తెలిసిపోయిందే" అని అమ్మ చాటుగా కళ్ళొత్తుకునేది. అమ్మమ్మ మాత్రం "దీనికి నామీద ప్రేమ పోయింది" అని నవ్వేది. నాకు రెండూ వినలేక దాన్ని మెడ పట్టుకుని లోపలికి లాక్కెళ్ళబోతే నేల మీద గోళ్ళు పాతి కూర్చుంది.

అమ్మమ్మ పోయాక నెబ్యులైజర్ తీసి అటక మీద పెట్టాం. ఆ సాయంత్రమే చిట్టి గదిలోకి వెళ్ళి మంచం కింద పడుకుంది. అప్పుడు తట్టింది, అది మానేసింది కూడా ఆ మిషన్ వచ్చిన వారంలోనే. ఆ గురగుర దానికి పడలేదు, అంతే. ఆర్నెల్లు మేమందరం దాని ముందర కూర్చుని యముడి రాకపోకలు చదువుకున్నాం. అలా అనుకుని తేలికపడ్డాను కూడా. కానీ మిషన్ లేకపోయినా అది ఆ మంచం కింది నుంచి రెండు రోజులు తిండికి లేవలేదు. దానికి ఏం తెలుసో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. టాడ్ కథలో నేను ఎదురుచూసింది ఇదే. కుక్కకి ఏం తెలుసో తెలియక మనిషి పడే ఆ అవస్థ. తీరా చూస్తే అక్కడ బురద మనిషి నిలబడి ఉన్నాడు.

తమ్ముడు అనేది, నేను సినిమాని చూడలేదు, నా ఇంటినే చూసుకున్నానని. అయ్యుండొచ్చు.

సినిమా చూస్తున్నప్పుడు చిట్టి నా కాళ్ళ దగ్గరే ఉంది. తెర మీద కుక్క మొరిగినా లేవలేదు, దయ్యం వచ్చినా లేవలేదు, చివర్లో నేను ముక్కు చీదుకున్నా లేవలేదు. ఒక్కసారి మాత్రం తల ఎత్తింది, టాడ్ వరసగా దగ్గినప్పుడు. టీవీ వైపు చూడలేదు. అమ్మమ్మ గది తలుపు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే బయట ఎవరో గేటు తీసిన చప్పుడు కూడా అయింది. గేటు కూడా అటువైపే.